పిల్లిగెడ్డ దగ్గర నీలిపొగ

మా ఆశ్రమం అయ్యగారు కూర్మయ్య గారికి ప్రశ్నలంటే ఇష్టమే గాని, జవాబుల మీద బొత్తిగా నమ్మకం లేదు. ఎవరైనా ఏదైనా అడిగితే తల ఊపి, "మంచి ప్రశ్న, కొన్నాళ్ళు దగ్గర పెట్టుకో," అనేవారు. కొందరి ప్రశ్నలు అలా దగ్గర పెట్టుకోగా పెట్టుకోగా వాళ్ళతోపాటే ముసలివైపోయాయి. ఆశ్రమం పెట్టకముందు ఆయన బస్సు డిపోలో ఫోర్‌మనుగా పనిచేశారు. అప్పటి అలవాటు కాబోలు, చెడినదాన్ని విప్పి చూడకుండా దాని గురించి ఉపన్యాసం చెప్పడం ఆయనకు గిట్టేది కాదు. హైమవతి అడిగిన ప్రశ్న మాత్రం ముసలిది కాలేదు. మర్నాడు తెల్లవారేసరికే అది రోడ్డెక్కింది.

హైమవతిది బొబ్బిలి. తండ్రి పాలవ్యాను నడిపేవాడు, ఆయన దగ్గరే ఆమె బండి నేర్చుకుంది. ఆమె వచ్చాక ఆశ్రమం డీజిల్ పికప్పు ఆమె చేతికి ఇచ్చాం. మిగతా పనులన్నీ ఎవరూ ఇవ్వకుండానే తీసుకుంది. పశువుల కొట్టం ఊడవడం ఎవరి వంతైనా వాళ్ళు లేచేసరికి ఊడ్చేసి ఉండేది. వంటింట్లో ఉండే రత్తమ్మ గారు స్నానానికి వెళ్ళిన సందు చూసి ఆవిడ బొంత ఉతికి ఆరేసింది. నడుం నొప్పికని ఆవిడ అందులో కుట్టుకున్న మూలికలు కాస్తా నీళ్ళపాలయ్యాయి. పాపం, ఆ పెద్దావిడ తిట్టనూలేక, మెచ్చుకోనూలేక చాలా రోజులు మొహం ముడుచుకుని తిరిగింది. అది చూసి అయ్యగారు, "కాస్త తగ్గించమ్మా," అన్నారు. ఆ మాట హైమవతికి గుచ్చుకుంది. సాయంత్రం ప్రార్థన అయ్యాక అందరి ముందూ అడిగేసింది.

"అయ్యగారూ, చెడ్డపని తగ్గించమంటే అర్థం ఉంది. మంచిపని కూడా ఎక్కువైతే తప్పవుతుందా? ఎంత చేస్తే చాలో ఎవరు చెప్పాలి?"

"మంచి ప్రశ్న," అన్నారు అయ్యగారు. "దగ్గర పెట్టుకో."

ఇక్కడ మా ఆశ్రమం నియమం ఒకటి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. దాన్ని గుప్తసేవ అంటాం. చేసిన సేవ నోటితో చెప్పుకోకూడదు. ఇంకొకరు చేస్తుండగా కంటపడితే చూడనట్టు తప్పుకోవాలి. అడిగినా చెప్పకూడదు, చెబితే ఫలం పోతుంది. కుడిచేత్తో చేసింది ఎడమచేతికి తెలియకూడదన్న పెద్దల మాటను పట్టుకుని అయ్యగారే పెట్టిన నియమం అది. దాని పుణ్యమా అని మా కుండల్లో నీళ్ళు ఎప్పుడూ నిండుగా ఉండేవి, నింపినవాళ్ళెవరో తెలిసేది కాదు. ఈ విషయంలో మాకందరికీ కొంచెం గర్వం ఉండేది. గర్వం పైకి చెప్పుకోకూడదు గనక దాన్ని కూడా గుప్తంగానే ఉంచుకునేవాళ్ళం.

మర్నాడు పొద్దున్నే పక్క ఊరు గుమ్మలగొంది నుంచి బొంజుబాబు భార్యను వీపున మోసుకుంటూ వచ్చాడు. అతను మా చేలలో పనికి వచ్చే మనిషే. భార్య పేరు సన్యాసమ్మ. నేలమీద పడుకున్న మనిషిని తెల్లవారుజామున పాము కరిచింది. కరిచినచోట వాపు లేదు, నొప్పీ పెద్దగా లేదు. "కళ్ళు మూతలు పడిపోతన్నాయి, మాట ముద్దగొస్తంది బాబూ," అని మాత్రం అంది. అయ్యగారు ఆమె కనురెప్పలు చూశారు. ఎత్తమంటే సగమే ఎత్తగలిగింది.

"కట్లపాము," అన్నారు ఆయన. "విషం ఒళ్ళంతా పట్టిందంటే ఊపిరి ఆడించే కండ కూడా పడుకుంటుంది. దానికి ముందే కింద ఆసుపత్రికి చేరాలి. హైమా, బండి తియ్యి."

కొండమీద ఫోను పలకదు. కింద నుంచి అంబులెన్సు పిలవాలన్నా ముందు మనిషి కిందికి దిగాల్సిందే. వెనక తొట్టిలో పరుపు వేసి సన్యాసమ్మను పక్కకి తిప్పి పడుకోబెట్టాం. ఆమె తల దగ్గర నేను, కాళ్ళ దగ్గర బొంజుబాబు. ముందు హైమవతి, ఆమె పక్కన అయ్యగారు. దారిపొడుగునా నేను సన్యాసమ్మను ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాను, ఆవు ఎన్ని పాలిస్తుంది, పిప్పళ్ళు ఎండాయా అని. మొదట్లో మాటలతో జవాబు చెప్పింది. తర్వాత "ఊఁ" అంది. పిల్లిగెడ్డ వంతెన దాటేసరికి ఆ "ఊఁ" కూడా ముక్కులోంచి వచ్చింది. నాకు భయం పట్టుకుంది.

వంతెన దాటాక దారి ఒకచోట నిటారుగా ఎక్కి, ఆ తర్వాత మళ్ళీ దిగుతుంది. ఆ ఎత్తు మీద బండి ముందు తడబడింది. అంతలోనే ఇంజను దానంతటది అరవడం మొదలుపెట్టింది. హైమవతి కాలు తీసేసింది, అరుపు తగ్గలేదు. క్లచ్ తొక్కింది, బరువు వదిలిన ఇంజను మరింత రెచ్చిపోయింది. తాళం తిప్పి కట్టేసింది. కట్టేసినా ఆగలేదు. అలాంటిది నేనెప్పుడూ వినలేదు, చూడలేదు. తాళం తీసేసిన బండి ప్రాణం ఉన్నదానిలా గింజుకుంటూ అరుస్తోంది. బ్రేకు మీద ఎలాగో రోడ్డు అంచున నిలబడింది, ఆ అంచు అవతల లోయ. వెనక నుంచి దట్టమైన పొగ లేచి తొట్టిలోకి కమ్ముకుంది. అసలే అందని ఊపిరితో ఉన్న సన్యాసమ్మ ఆ పొగలో ఎగబీల్చింది. నేనూ బొంజుబాబూ ఆమెను పరుపుతో సహా దించి, గాలి ఎదురు వచ్చేవైపు గట్టుకింద పడుకోబెట్టాం.

ముందు సీట్లో హైమవతి తాళం తిప్పుతూనే ఉంది, మళ్ళీ మళ్ళీ, వెర్రిదానిలా.

"దాన్ని వదిలెయ్," అన్నారు అయ్యగారు. అంత అరుపులోనూ ఆయన గొంతు పెంచలేదు, ఆమె చెవి దగ్గర వంగి చెప్పారు. "టాప్ గేరు వెయ్యి. బ్రేకు మీద నిలబడు. ఇప్పుడు క్లచ్ ఒక్కసారిగా వదులు."

బండి ఒళ్ళంతా కుదిపేసుకుని, ఒక్క గుద్దు గుద్ది చచ్చిపోయింది. ఆ వెంటనే పడ్డ నిశ్శబ్దంలో కింద గెడ్డ పారుతున్న చప్పుడు వినిపించింది. హైమవతి చేతులు స్టీరింగు మీదే ఉండిపోయాయి.

అయ్యగారు దిగి నన్నడిగారు. "కోటీ, వెనక ఉన్నది నువ్వు. పొగ ఏ రంగు?"

"తెలుపులో నీలం, అయ్యగారూ. మాడిన నూనె కంపు."

"నల్లపొగైతే గాలి చాలలేదనుకుందును. ఉత్త తెలుపైతే నీళ్ళు చేరాయనుకుందును. ఇది తన నూనె తనే తాగింది. డీజిలుతో దానికి పని లేకపోయింది, ఇక తాళం తిప్పితే ఎందుకు ఆగుతుంది?"

బొంజుబాబుకు ఈ మాటలు చెవికెక్కలేదు. భార్య తల ఒళ్ళో పెట్టుకుని మావైపు చూశాడు. "అయ్యగారండి, నాను మోసుకుపోతానండి. అడ్డదారంట దిగిపోతాను. బండి బాగయ్యేదాకా ఇది ఉండదండి."

అడ్డదారిన పరుగెత్తినా ఆసుపత్రి మధ్యాహ్నానికి గాని రాదు. సన్యాసమ్మ రొమ్ము పైపైనే ఎగురుతోంది. అయ్యగారు ఆమె నాడి పట్టుకుని, ఆకాశం చూసి, బండి చూశారు. "ఒక్క నిమిషం ఆగు నాయనా," అన్నారు. నాయనా అన్న ఆ మాటలో ఎంత బరువుందో నాకు ఇప్పటికీ గుర్తుంది.

బానెట్టు ఎత్తి నూనె కొలిచే పుల్ల లాగారు. గీత ఎక్కడుందో కనిపించలేదు, పుల్ల పిడిదాకా నూనె, దానిమీద నురగ. ఆయన పెదవి విరిచారు. "ఇంతసేపు చిలికిన ఇంజను. ఈ పుల్ల మాట నమ్మలేను." తర్వాత హైమవతి వైపు తిరిగి నెమ్మదిగా చెప్పారు. "రెంటిలో ఒకటి. గాలిని లోపలికి నెట్టే టర్బోలో సీలు తెగి ఉండాలి, లేదా నూనె ఎక్కువై గాలిగొట్టంలోకి పొంగి ఉండాలి. సీలే తెగితే ఈ బండిని మళ్ళీ తాకకూడదు. తాకితే ఇంజను పగులుతుంది, ఆవిడను బొంజుబాబు వీపుకే ఎత్తాలి. నూనె ఎక్కువైందంటే, తీసేసి వెళ్ళిపోవచ్చు. నూనె పోశావా?"

హైమవతి మాట్లాడలేదు. ఏ డ్రైవరునడిగినా ఆ మాటకు పోశాననో లేదనో ఠకీమని జవాబొస్తుంది. అంత మౌనం మా ఆశ్రమం మనుషులకే చేతనవును. ఆమె కళ్ళు దించుకుని నిలబడింది. సన్యాసమ్మ గొంతులో గురక మొదలైంది.

"పోశాను," అంది చివరికి. "కొంచెం తగ్గిందని నిన్న సాయంత్రం పోశాను."

"ఇంకెవరు పోశారు?"

"చెప్పకూడదు కదా, అయ్యగారూ."

"ఆ నియమం పెట్టింది నేనే. ఇదిగో, తీసేస్తున్నాను. చెప్పు."

అప్పుడు బయటపడింది. బండికి నూనె తగ్గిందని ఆమె ముందు రోజు భోజనాల దగ్గర యథాలాపంగా అంది. కొత్త డబ్బా తెచ్చి బండి పక్కన పెట్టింది. ఇక చెప్పేదేముంది? ఆమె పోసి అటు వెళ్ళాక, హైమకెందుకు శ్రమ అని చీకటి పడకముందే బడి చూసే పార్వతీశం గారు పోశారు, అది ఆమె చూసి చూడనట్టు తప్పుకుంది. పొద్దున రత్తమ్మ గారి చేతిగుడ్డకు నల్లటి నూనె అంటి ఉంది. ఆవిడ బొంత సంగతి మరిచిపోయి తనకు సాయం చేసిందని హైమవతి కళ్ళు చెమర్చాయట. పాము కాటు గొడవకు ముందు డబ్బా ఎత్తి ఊపితే చుక్క చప్పుడు లేదు. ఇంతమంది తన పని పంచుకున్నారని ఆమె మనసు నిండిపోయిందట. మనసుతోపాటు ఇంజనూ నిండిందని తట్టలేదు. నేను పొయ్యలేదు. బద్ధకం ఉన్నవాడికి ఇలాంటి పాపాలు అంటవు.

"డబ్బా ఏది? పోసిందంతా అందులోదే, మనకు కొలత అదే," అన్నారు అయ్యగారు.

అది సీటు వెనకే ఉంది. ఆయన మొహంలో మొదటిసారి వెలుగు కనిపించింది. కారే నూనె పట్టడానికి బొంజుబాబు నడుముకున్న కత్తితో దాని పక్క కోశాం. హైమవతి రెంచీ పట్టుకుని బండి కిందికి దూరింది.

"అయ్యగారూ, ఎంత తియ్యాలి?"

"పొయ్యకముందు ఎంత ఉందో నువ్వు చూశావు, నేను చూడలేదు. తక్కువ తీస్తే మళ్ళీ తిరగబడుతుంది. ఎక్కువ తీస్తే ఎండి పట్టేస్తుంది, ఇక కదలదు. చాలు అని నువ్వే అను."

బోల్టు ఊడగానే కాగిన నూనె దూకింది. కింద నుంచి ఆమె అమ్మా అని అరవడం విన్నాను. చెయ్యి తియ్యలేదు. నూనె డబ్బాలోకి పడుతున్న చప్పుడు, ఇటు సన్యాసమ్మ గురక. ఈ రెండూ వింటూ నేను ఏ దేవుడికి మొక్కానో నాకే తెలియదు. బొంజుబాబు భార్య నోటి చొంగ తుడుస్తూ, "ఒలే సన్నీ, నాను ఈడనే ఉన్నానే," అని చెవిలో అంటూనే ఉన్నాడు. డబ్బా నిండుతోంది. నిండేదాకా తీసేస్తుందనుకున్నాను, నేనైతే అదే చేద్దును. అంచుకు ఇంకా రెండు వేళ్ళ మేర ఉండగానే హైమవతి గొంతు వినిపించింది.

"చాలు. మొదట నిజంగానే కొంచెం తగ్గింది. ఆ మేరకు లోపల ఉండాలి."

బోల్టు బిగించి ఇవతలికి వచ్చేసరికి ఆమె అరచెయ్యి తోలు ఊడి ఎర్రగా ఉంది. ఆమె దాన్ని చూసుకోలేదు, మేం చూసే తీరిక లేదు. అయ్యగారు గాలిగొట్టం విప్పి, అందులో నిలిచిన నూనె తన పైపంచెతో తుడిచేశారు. నా చేత గోనెపట్టా గెడ్డనీళ్ళలో తడిపించి, మడత పెట్టి చేతిలో పట్టుకుని గొట్టం మూతి దగ్గర నిలబడ్డారు. మళ్ళీ తిరగబడితే గాలి మూసెయ్యాలి. మూసేలోగా ఇంజను పగిలితే ముందు ఆయన మీదే పడుతుంది. అది హైమవతికి తెలుసు, నాకూ తెలుసు.

"తిప్పు," అన్నారు.

ఇంజను దగ్గింది. నీలిపొగ భగ్గుమని ఒక్కసారి లేచింది. పొగ పలచబడింది, ఇంకా పలచబడింది, ఇంజను చప్పుడు ఒక తీరున పడింది. హైమవతి యాక్సిలరేటరు కాస్త తొక్కి వదిలింది. వదలగానే తగ్గింది. అయ్యగారు పట్టా కింద పడేసి, "ఎక్కించండి," అన్నారు.

ఆసుపత్రి గుమ్మంలోకి చేరేసరికి సన్యాసమ్మ కళ్ళు పూర్తిగా మూతపడ్డాయి, పెదాలు నల్లబడ్డాయి. డాక్టరమ్మ స్ట్రెచరు మీదే ఊపిరిసంచి నొక్కుతూ లోపలికి పరుగెత్తింది. గొంతులో గొట్టం వేశారు, విషం విరుగుడు ఎక్కించారు. తలుపు మూసుకుంది. ఇంకొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదో ఆవిడ చెప్పనూలేదు, మేం అడగనూలేదు.

వరండాలో బెంచీ మీద బొంజుబాబు ఒక్కడే కూర్చున్నాడు. హైమవతి తన చేతికి కట్టు కట్టించుకుని, ఆ కట్టుతోనే బజారుకు పోయింది. వచ్చేటప్పుడు ఇడ్లీ పొట్లాలు, కొబ్బరిబోండాం, అరటిపళ్ళు, కొత్త దుప్పటి, తువ్వాలు, సబ్బు, ఇంకా ఏవేవో తెచ్చింది. అవన్నీ ఒక్కొక్కటే అతని ఒళ్ళో పెట్టసాగింది. ఒడి చాలలేదు. అతను వాటిని పడిపోకుండా రెండు చేతులా పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక తలుపువైపు చూస్తున్నాడు. ఆమె ఇంకా, "నీ భార్య కళ్ళు తెరిచేదాకా నేనూ ఏమీ ముట్టను. ఇక్కడే నిలబడి ఉంటాను," అంటోంది. ఆమె ఏడుస్తోందని అప్పుడు గమనించాను. తప్పు చేశానన్న బాధ మనిషిని ఎంత హడావుడి చేస్తుందో చూస్తే జాలేసింది.

అయ్యగారు దూరం నుంచే అన్నారు. "అతన్ని అడిగావా?"

హైమవతి చేతిలో సబ్బుబిళ్ళతో అలాగే నిలబడిపోయింది. కాసేపటికి ఆ సామాను అతని ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది. అతని ఎదుట నేలమీద కూర్చుంది. "బొంజుబాబూ, నీకు నేనేం చెయ్యాలి?" అని అడిగింది.

అతను తల ఎత్తి ఆమెను చూశాడు. అలాంటి ప్రశ్న అతన్ని ఎవరూ అడిగి ఉండరు.

"ఏటీ వద్దమ్మా. ఆ తలుపుకేసి ఒక్కణ్ణీ సూడలేకున్నాను. పక్కన కూకోండి, సాలు."

ఆమె లేచి బెంచీ మీద అతని పక్కన కూర్చుంది. మాట లేదు, పని లేదు. ఊరికే కూర్చోవడం ఆమెకు ఎంత కష్టమో మాకు తెలుసు. కట్టుకట్టిన చెయ్యి ఏదో ఒకటి సర్దాలని లేస్తూ, మళ్ళీ ఒళ్ళోకి దిగిపోతూ ఉండేది. సాయంత్రానికి అది కూడా ఆగింది. పొద్దుగూకాక అతనే ఒక పొట్లం విప్పి సగం ఆమెకిచ్చాడు, ఆమె తింది.

మూడోనాడు సన్యాసమ్మకు గొట్టం తీశారు. తన ఊపిరి తనే పీల్చుకుంటూ, మొగుణ్ణి చూసి, "ఆవుకి గడ్డేసినావా?" అంది. బొంజుబాబు మొహం చేతుల్లో దాచుకుని పెద్దగా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

తిరుగుదారిలో బండి హైమవతే నడిపింది. కొండ ఎక్కడం మొదలుపెట్టాక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అంది. "అయ్యగారూ, ఎంత చేస్తే చాలో ఎవరు చెప్పాలని మొన్న అడిగాను. మీరు జవాబు చెప్పలేదు."

అయ్యగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"నన్నడుగుతావేమిటమ్మా?" అన్నారు. "అడగాల్సినవాణ్ణి అడిగేశావుగా."